వేవిళ్లు మళ్లీ వస్తాయని తెలిసినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

నెల తప్పినప్పుడు వికారం మామూలే అంటాం. నూటికి డెబ్బై మందికి పైగా గర్భిణులకు అది ఉంటుంది కనుక ఆ మాటలో తప్పు లేదు. ఇవాళ చెప్పుకునేది మాత్రం గుక్కెడు మంచినీళ్లు కూడా కడుపులో నిలవని స్థితి గురించి. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలకు మించి తగ్గిపోయి, సెలైన్ ఎక్కించుకోవాల్సి వస్తుంది. డాక్టర్లు దీన్ని హైపరెమెసిస్ అంటారు. నూటికి ముగ్గురికి మించి రాదు.

తొలి కాన్పులో ఇలా నలిగిపోయిన అమ్మాయికి ఇంట్లో పెద్దవాళ్లు "ఈసారి అలా ఉండదులే" అని ధైర్యం చెబుతారు. ఆ మాట నమ్ముకుని కూర్చోవద్దు. నార్వే జనన రికార్డుల ప్రకారం, మొదటిసారి వచ్చిన వాళ్లలో నూటికి 15 మందికి రెండోసారీ వచ్చింది. మొదటిసారి రాని వాళ్లలో నూటికి ఒక్కరికి కూడా రాలేదు. తీవ్రంగా బాధపడిన వాళ్లను నేరుగా అడిగిన సర్వేలో, మళ్లీ వచ్చిందన్నవాళ్లు నూటికి 80 దాకా తేలారు. బ్రిటన్ యువరాణి కేథరిన్‌కు మూడు గర్భాల్లోనూ ఇదే బాధ.

కారణం చాలావరకు 2023లో తేలింది. మావి నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా పెరిగిన మోతాదుకు తట్టుకోలేరు. కారం అలవాటు లేనివాళ్లకు గుంటూరు మిరపకాయ పెట్టినట్టన్నమాట. బీటా థలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు ఉన్నవాళ్లలో ఈ హార్మోను ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది, వాళ్లకు వేవిళ్లు అరుదు. ఇది ఒంటి తత్వం కనుకే తిరిగి వస్తుంది. బిడ్డ జన్యువుల పాత్రా ఉంది కాబట్టి ప్రతిసారీ ఒకే తీరుగా ఉండకపోవచ్చు. "గారాలు పోతోంది" అనేవాళ్లు ఇకనైనా ఆ మాట మానుకోవాలి.

మళ్లీ వచ్చే అవకాశం ఉందని తెలిసినప్పుడు ముందే సిద్ధపడవచ్చు. బిడ్డ కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్ మాత్రలు మొదలుపెట్టాలి. పాత డిశ్చార్జి కాగితం తీసి, ఏ మందు పనిచేసిందో డాక్టరుకు చూపించాలి. టెస్టులో గర్భమని తేలగానే, వాంతులు మొదలవక ముందే, డాక్సిలమిన్, పిరిడాక్సిన్ కలిసిన మాత్ర వాడటం గురించి అడగండి. వాంతులు ముదిరాక ఏ మాత్రా లోపల నిలవదు. సాధారణంగా 10 మిల్లీగ్రాముల చొప్పున రెండూ ఉన్న మాత్రలు రాత్రి రెండు ఇస్తారు. చాలకపోతే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి కలుపుతారు. నమలకూడదు, మింగాలి. మగతగా ఉంటుంది. ఐరన్ మాత్ర వికారం పెంచుతుంటే డాక్టరుకు చెప్పి కొన్ని వారాలు ఆపవచ్చు, ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపకూడదు.

వంటింట్లో పోపు వాసనే పెద్ద శత్రువు. ఆ కొన్ని వారాలు పోపు వేరేవాళ్లు పెట్టాలి. వేడన్నం కంటే చల్లటి పెరుగన్నానికి వాసన తక్కువ. ఓఆర్ఎస్ గ్లాసుడు ఒక్కసారి తాగితే వెనక్కి వస్తుంది, ఐదు నిమిషాలకో చెంచా చొప్పున అయితే నిలుస్తుంది. వారానికోసారి ఒకే కాటా మీద బరువు చూసి రాసిపెట్టుకోండి.

ఇక అసలు జాగ్రత్త. నీరసంగా ఉంది, గ్లూకోజ్ బాటిల్ పెట్టండని మనమే అడుగుతుంటాం. గ్లూకోజ్ ఒంటికి పట్టాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్ కావాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. వారాల తరబడి తిండి లేని మనిషికి ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ మిగిలిన కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది, మనిషి అయోమయంలో పడుతుంది. అందుకే ముందు థయమిన్ ఇవ్వాలి, ఎక్కించేది ఉప్పు సెలైన్ కావాలి, పొటాషియం రక్తపరీక్షను బట్టి కలపాలి. "బి1 ఇచ్చారా?" అని అడగడానికి మొహమాటపడకండి. కవలలో, ముత్యాల గర్భమో (బిడ్డ సరిగా ఏర్పడక మావి నీటి బుడగల్లా పెరగడం) కాదని తేల్చుకోవడానికి స్కానింగ్ కూడా ఉండాలి.

ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, వాంతిలో రక్తం పడినా, ఒక రోజంతా నీళ్లు నిలవకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి బయలుదేరండి. 108కి ఫోన్ చేయండి. పాత డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి.