పందికొక్కు చెవిలోని నల్లి ఏ జాతి?

(గుంటూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: మేడమ్, స్క్రబ్ టైఫస్ జ్వరం అనగానే, దాన్ని అంటించేది చిగ్గర్ అంటున్నారు. అసలు ఏమిటది?

జువాలజీ అధ్యాపకురాలు: నల్లే. మంచం సందుల్లో దాక్కునే నల్లి కాదండీ, మిరపకి పట్టే ఎర్రనల్లి తరహా. సాలీడుకి దగ్గర చుట్టం. ట్రాంబిక్యులిడే కుటుంబం.

మిర్చి రైతు: ఎర్రనల్లిని ఆకు అడుగున రోజూ చూస్తాం. ఎనిమిది కాళ్లు.

అధ్యాపకురాలు: చిక్కంతా అక్కడే బాబాయ్ గారూ. పెద్దయ్యాక దీనికీ ఎనిమిదే. అప్పుడు మట్టిలో పురుగుల గుడ్లు తింటూ బతుకుతుంది, ఎవరి జోలికీ రాదు. జంతువుల ఒంటికి పట్టేది ఆరు కాళ్ల పిల్ల ఒక్కటే. మన చేతికి దొరికేదీ అదే. అందుకే జాతుల్ని ఎక్కువగా పిల్లని చూసే తేలుస్తారు.

యాంకర్: మిల్లీమీటరులో అయిదో వంతు ప్రాణిలో ఏం చూస్తారు?

అధ్యాపకురాలు: వీపు మీద పలక! పందికొక్కు చెవి మడతలో నారింజ పొడి అద్దినట్టు గుంపుగా ఉంటాయి. సన్న బ్రష్‌తో దులిపి మైక్రోస్కోప్ కింద పెడతాం. లెప్టోట్రాంబిడియం ప్రజాతి, అంటే ఆ పేరున్న దగ్గరి జాతుల గుంపు అయితే పలక మీద అయిదు వెంట్రుకలు. ముందు మధ్యలో ఒకటి, మూలకొకటి చొప్పున నాలుగు. వాటి నడుమ కొరడాల్లాంటి రెండు సన్నని స్పర్శ రోమాలు. అస్కోషోంగాస్టియా అనే మరో ప్రజాతిలో ఆ రెండూ గదల్లా ఉబ్బి ఉంటాయి. ఆ తర్వాత వెంట్రుకల మధ్య దూరాల్ని మైక్రాన్లలో కొలవాలి.

రైతు: పందికొక్కు మీద దొరికింది కాబట్టి పందికొక్కు నల్లి అంటే సరిపోదా అమ్మా?

అధ్యాపకురాలు: సరిపోదండీ. ఒకే చెవిలో రెండు మూడు జాతులుండొచ్చు. పైగా మన దేశంలో ఈ జబ్బును ముఖ్యంగా మోసే లెప్టోట్రాంబిడియం డెలియెన్సే ఎలుక మీదా ఉంటుంది, పందికొక్కు మీదా ఉంటుంది, అసలు ఎలుకే కాని చుంచు మీదా ఉంటుంది. దానికి 1922లో పేరు పెట్టింది సుమత్రాలోని డెలి అనే ప్రాంతాన్ని బట్టి. పందికొక్కులుండే బాండికోటా ప్రజాతి పేరు మాత్రం మన 'పందికొక్కు' మాటలోంచే వచ్చింది, అది నాకు భలే ఇష్టం.

యాంకర్: ఎలుకల్ని చంపేస్తే?

అధ్యాపకురాలు: లాభం లేదు. ఈ జబ్బు క్రిమి తల్లి నల్లి నుంచి గుడ్లలోకే దిగుతుంది. ఎలుక పోయినా గడ్డిలో పిల్లలు కాచుకునే ఉంటాయి. చచ్చిన ఎలుక ఒళ్లు చల్లబడితే దాన్ని వదిలి దిగిపోతాయి. అందుకే మేం తెల్లగుడ్డ సంచిలో వేసి మూతి కడతాం.

రైతు: పోయిన వారం గట్టు మీద చచ్చినదాన్ని తోక పట్టుకుని విసిరేశానే!

అధ్యాపకురాలు: చంకలు, గజ్జలు, మొలతాడు కింద చూసుకోండి. చిగ్గర్ కుట్టిన చోట నల్లటి చెక్కు కట్టే చిన్న పుండు నొప్పి పెట్టదు, తెలియకుండా ఉంటుంది. జ్వరం వస్తే డాక్టరుకి ముందు అదే చూపించండి.

రైతు: జ్వరం లేదమ్మా. ఇంటికెళ్లగానే చూసుకుంటాను.