ఎక్స్‌పల్స్ 200: సైలెన్సర్ కంటే ముందు షాకర్ల పని చూడండి (శాగ్ సెట్టింగ్ + ఫోర్క్ ఆయిల్)

నమస్తే అండి, ఈరోజు హీరో వాళ్ళ ఎక్స్‌పల్స్ 200 4వీ బండి ముందేసుకుని కూర్చున్నాం. అందరూ అడిగేది ఒకటే, అన్నా పికప్ పెంచాలి ఏ సైలెన్సర్ వేయమంటావ్ అని. నేను మాత్రం ముందు షాకర్ల సంగతి చూడండి అంటా. ఇది 199.6 సీసీ, 19 బీహెచ్‌పీ లోపే, సైలెన్సర్ మార్చినంత మాత్రాన ఇంకో ఐదు గుర్రాలు వచ్చి చేరవు. కానీ ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మలుపులో గుంత తగిలి ముందు చక్రం గెంతిందనుకోండి, చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ వదిలేస్తుంది. మళ్ళీ గేర్ దించాలి, మళ్ళీ లాగాలి. చిన్న ఇంజన్ కదా, పోయిన ఊపు తిరిగి రావడానికి టైం పడుతుంది. ఆ ఊపు పోకుండా చూసుకుంటే చాలు, అదే మనకి పవర్.

సరే, ముందు వెనక షాకర్. శాగ్ అంటే మనం ఎక్కి కూర్చుంటే వెనక ఎంత దిగుతుందో అది. సెంటర్ స్టాండ్ లేదు కాబట్టి ఒకళ్ళు ఇలా సైడ్ స్టాండ్ మీదకి వంచి పట్టుకోవాలి, చక్రం గాల్లోకి లేస్తుంది. యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నిలువుగా పైకి, ఇదిగో టేప్ ముక్క అంటించా చూడండి, ఇక్కడిదాకా కొలవండి, రాసుకోండి. ఇప్పుడు హెల్మెట్టు, జాకెట్టు, బూట్లు అన్నీ వేసుకుని ఎక్కండి, మళ్ళీ ఇదే కొలత. రెండిటికీ తేడా ఎంతో అదే శాగ్. వెనక ట్రావెల్, అంటే షాకర్ వల్ల చక్రం పైకీ కిందకీ ఆడే దూరం, 170 ఎంఎం, అందులో ముప్పై శాతం అంటే 50 ఎంఎం చుట్టుపక్కల ఉండాలి. నాకు మొదట 62 వచ్చింది, ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి ఉంచే సెట్టింగ్) బిగిస్తూ బిగిస్తూ 52 దగ్గర ఆగా. పది స్టెప్పులున్నాయి, ఇలా తిప్పడమే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు, బండి ఎత్తు లేస్తుంది అంతే. పదో స్టెప్పులో పెట్టినా శాగ్ ఎక్కువే వస్తోందంటే మీ బరువుకి ఆ స్ప్రింగ్ చాలదు, గట్టి స్ప్రింగ్ వేయాల్సిందే.

ఇప్పుడు ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే షాకర్ గొట్టాలు. బండి ఎత్తారు, చక్రం తీశారు, క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లు ఉండే భాగం) ఇదిగో వైరుతో కట్టా, బ్రేక్ హోస్ మీద వేలాడనివ్వకండి. ఫోర్కు ఎంత పైకి ఉందో టీ (ఫోర్కుల్ని పట్టి ఉంచే క్లాంపు, పైన ఒకటి కింద ఒకటి ఉంటాయి) దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఇవన్నీ మీకు తెలిసినవే.

ఇక్కడ ఆగండి. ఇక్కడ మాత్రం నిదానంగా చూడండి. టాప్ క్యాప్ ఉంది కదా, దాన్ని ఫోర్కు బండికి ఉన్నప్పుడే వదులు చేయాలి. నేను మొదటిసారి ఫోర్కు మొత్తం బయటికి లాగేశాక క్యాప్ విప్పబోయా, గుండ్రటి గొట్టం, చేతిలో జారిపోతోంది, ఎంత తిప్పినా రాదు, సరే అని బెంచ్ వైస్‌లో బిగించా. క్యాప్ వచ్చింది, క్రోమ్ మీద గీత కూడా పడింది. గోటితో రాస్తే తగిలేంత గీత. నెల తిరక్కుండా సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు) దగ్గర ఆయిల్ కారడం మొదలు. ఒక గొట్టం, ఒక సీలు, రెండూ కొత్తవి కొనాల్సొచ్చింది. అందుకని ఇలా చేయండి: పై టీ బోల్టు వదులు, కింద టీ బోల్టు మాత్రం బిగుతుగానే ఉంచాలి, అప్పుడు ఫోర్కు తిరగదు. ఇప్పుడు క్యాప్‌ని సగం చుట్టు, చూశారా, టక్‌మంది, వదిలింది. అంతే, పూర్తిగా తీయొద్దు. హ్యాండిల్ అడ్డొస్తే విప్పి ట్యాంక్ మీద గుడ్డ పరిచి వెనక్కి పెట్టుకోండి. ఆ తర్వాత కింద టీ కూడా వదులు చేసి ఫోర్కు కిందికి లాగండి. బయట క్యాప్ పూర్తిగా తీసేటప్పుడు అరచేత్తో నొక్కి పట్టుకోండి, మొహం పక్కకి పెట్టుకోండి, కింద స్ప్రింగ్ కాచుకుని ఉంటుంది.

పాత ఆయిల్ వంచేయండి, రంగు చూడండి, బూడిద కలిపిన నీళ్ళలా ఉంది. కొత్తది పోశాక గొట్టాన్ని ఓ పదిహేనుసార్లు పైకీ కిందకీ పంప్ చేసి పది నిమిషాలు వదిలేయండి, బుడగలు పైకి రావాలి. తర్వాత స్ప్రింగ్ లేకుండా, గొట్టం పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ దాకా కొలవాలి. కప్పులో ఇన్ని ఎంఎల్ అని కొలిచి పోస్తే రెండు ఫోర్కులూ సమానంగా రావు, లోపల పాతది ఎంతో కొంత మిగిలే ఉంటుంది. నేను మెడికల్ షాపులో పెద్ద సిరంజి కొన్నా, దానికి సన్న పైపు, పైపు మీద మాన్యువల్ చెప్పిన లెవెల్ దగ్గర టేపు. కాస్త ఎక్కువ పోసి, టేపు అంచుకి ఆనించి లాగితే ఎక్కువైనదంతా వచ్చేస్తుంది. దీనికంటే సుళువైన పద్ధతి నాకు దొరకలేదు. ఇంకో మాట, ఆయిల్ కంపెనీ మార్చకండి, ఒక కంపెనీ 10 గ్రేడు ఇంకో కంపెనీ 10 గ్రేడు ఒకే చిక్కదనంలో ఉండవు. బ్రేక్ కొడితే ముందు మరీ కూలబడుతోందంటే ఆయిల్‌ని ఓ 5 ఎంఎం పైకి తెచ్చి చూడండి, పైన గాలి జాగా తగ్గుతుంది, చివర్లో గట్టిగా ఆపుతుంది.

హీరో వాళ్ళ 4వీ ప్రో ఉంది కదా అంటారు, ముందు 250, వెనక 220 ఎంఎం ట్రావెల్, నిజంగా మంచి సెటప్. కానీ సీటు 891 ఎంఎం ఎత్తు, మామూలు దానికి 825. కాళ్ళు ఆనతాయో లేదో ఒకసారి ఎక్కి చూసుకుని దిగండి.

పికప్ కావాలంటే స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ళ చక్రం, మార్చండి. ఉదాహరణకి ముందు 13 పళ్ళు, వెనక 39 అనుకోండి, మూడు రెట్లు. ముందు 12 వేస్తే 3.25, అంటే చక్రం దగ్గర లాగుడు ఎనిమిది శాతం పెరిగింది, టాప్ గేర్‌లో ఇంజన్ అంత ఎక్కువా అరుస్తుంది. ఘాట్‌కి బాగుంటుంది, హైవేకి వద్దు. ఎయిర్ ఫిల్టర్, వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న సందు) చూసుకోకుండా మాత్రం ఇది చేయకండి.

బిగించేటప్పుడు కింద టీ బిగించి, క్యాప్ టైట్ చేసి, చివరికి పై టీ. చక్రం ఎక్కించాక యాక్సిల్ పించ్ బోల్టు (ఫోర్కు కింద యాక్సిల్‌ని నొక్కి పట్టే బోల్టు) వదులుగానే ఉంచి ఫోర్కుని నాలుగుసార్లు నొక్కండి, సర్దుకుంటుంది, అప్పుడు బిగించండి. బండి కదిపే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా పంప్ చేయండి, ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి నొక్కుకి బ్రేక్ పట్టదు.