గ్యాస్ కాదు తల్లీ, అది పొట్ట గోడ నొప్పి!

అందరికీ నమస్కారం. ఇవాళ సోది లేదు, నేరుగా విషయానికి వచ్చేస్తున్నా. మీ ఇంట్లో ఎవరికైనా నెలల తరబడి పొట్టలో ఒకే చోట నొప్పి ఉందా? ఎక్కడమ్మా అంటే వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడే" అని చూపిస్తారా? ఎండోస్కోపీ నార్మల్, స్కానింగ్ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, చివరికి చేతిలో మిగిలింది పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఒక్కటేనా? అయితే ఈ వీడియో మధ్యలో ఆపొద్దు. ఆ నొప్పి కడుపు లోపలిది కాకపోవచ్చు, కడుపు ముందున్న గోడది కావచ్చు. అది కనిపెట్టడానికి లక్షల మిషన్ అక్కర్లేదు. ఒక మంచం, డాక్టర్ గారి వేలు, ఒక్క నిమిషం ఓపిక, అంతే.

మొన్నటి వీడియో కింద జరిగిన రభస మీకు తెలిసిందే. నేను ఒక కేస్ రిపోర్ట్ చదివి వినిపిస్తే కొందరు డాక్టర్లు వచ్చి "కేస్ రిపోర్ట్ అంటే ఒక్క పేషెంట్ కథ, సాక్ష్యాల మెట్లలో అట్టడుగు మెట్టు, దాన్ని పట్టుకుని జనాన్ని రెచ్చగొట్టకు" అని రాశారు. సార్, మీరు చదువుకున్న పుస్తకంలో అలాగే ఉంటుంది, కాదనను. కానీ అలిపిరిలో మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, మొక్కి, ఆ తర్వాత కొండెక్కే ఊరు సార్ మాది. అట్టడుగు మెట్టంటే మాకు చులకన లేదు.

నా మాట ఒక్కటే, ఎన్నిసార్లయినా చెబుతా. నొప్పి మీద వచ్చే కేస్ రిపోర్టుల్లో అసలు సరుకు ఆపరేషన్ గురించి రాసిన చోట ఉండదు, ఇంజెక్షన్ గురించి రాసిన చోటా ఉండదు. పేషెంట్ నోటితో చెప్పుకున్న ఆ మొదటి పేరాలో ఉంటుంది. ఎప్పుడు వస్తుంది, ఏం చేస్తే ఎక్కువవుతుంది, ఎక్కడ మొదలవుతుంది. జవాబు మొదటి రోజు నుంచీ ఆ మనిషి నోట్లోనే ఉంటుంది, ఎవరూ రాసుకోలేదంతే!

ఈ పొట్ట గోడ నొప్పి సంగతే చూడండి. దీన్ని యాంటీరియర్ క్యుటేనియస్ నర్వ్ ఎంట్రాప్‌మెంట్ సిండ్రోమ్ అంటారు, డాక్టర్లు పొట్టిగా ఏక్నెస్ అంటారు. వెన్ను నుంచి బయల్దేరిన నరాలు పక్కటెముకల కింద నుంచి ముందుకు వచ్చి, పొట్ట మీద నిలువుగా ఉండే కండరంలో దూరి, దాదాపు తొంభై డిగ్రీల మలుపు తిరిగి చర్మంలోకి వస్తాయి. ఆ మలుపులో నరం ఇరుక్కుందంటే చాలు, ఒక వేలి కొన పట్టేంత చోట ప్రాణం తోడేసే నొప్పి. ఆ చోట చర్మాన్ని కొంచెం పట్టి గిల్లితే మామూలు కంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. ఇది స్కానింగ్‌లో కనిపించదు, ఎండోస్కోపీలో కనిపించదు. కనిపించలేదు కాబట్టి లేదు అనేస్తారు, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది!

దీనికి పరీక్ష ఎప్పటిదో తెలుసా? 1926లో కార్నెట్ అనే అమెరికన్ సర్జన్ చెప్పింది. పేషెంట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి పట్టుకుని, తలా భుజాలూ కొంచెం పైకి లేపమంటారు. అలా లేపితే పొట్ట కండరాలు బిగుసుకుంటాయి కదా, నొప్పి లోపలి అవయవాలదైతే ఆ బిగువే అడ్డుపడి నొప్పి తగ్గుతుంది. తగ్గకుండా అలాగే ఉందన్నా, ఇంకా ఎక్కువైందన్నా గోడ మీద అనుమానం పడాలి. వందేళ్ళ నాటి పరీక్ష, పైసా ఖర్చు లేదు. మరి మీలో ఎంతమందికి చేశారు? కామెంట్లలో రాయండి, నిజంగా తెలుసుకోవాలనుంది.

మా మేనత్తది పాకాల దగ్గర పల్లె. ఆవు కింద కూర్చుని పాలు పితకడానికి వంగితే కుడి పక్కన పట్టేసేది. దగ్గినా అంతే, మంచం మీద నుంచి లేచినా అంతే. వెళ్ళిన ప్రతి చోటా ఆమె ఒకటే మాట చెప్పింది, "తిన్నా తినకపోయినా తేడా లేదు సార్, వంగితేనే వస్తుంది" అని. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారండీ? కానీ చీటీ మీద రాసింది గ్యాస్. ఒక చోటైతే "ఇంట్లో ఏమైనా టెన్షన్ ఉందామ్మా, కోడలితో గొడవా?" అని అడిగారు. ఆ రోజు ఆమె మొహం చూసుంటే మీకు తెలిసేది, నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. రిపోర్టుల ప్లాస్టిక్ కవరు లావెక్కింది తప్ప నొప్పి తగ్గలేదు. చివరికి ఒక పెద్ద వయసు సర్జన్ ఆ కవరు పక్కన పెట్టి "వేలితో చూపించమ్మా" అన్నారు. పడుకోబెట్టారు, నొక్కారు, తల లేపమన్నారు, ఆమె అరిచింది. ఆ చోటనే లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇచ్చారు, పన్ను పీకే ముందు ఇచ్చే మత్తు మందే. కాసేపటికి లేచి కూర్చుని, పొట్ట మీద వేలు పెట్టి తడుముకుంటూ నొప్పి ఎక్కడ పోయిందా అని వెతుక్కుంటోంది మా అత్త!

అందరికీ ఒక్క ఇంజెక్షన్‌తో పోతుందని చెప్పడం లేదు. కొందరికి మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి, కొందరికి ఆ నరం చివర తీసేసే చిన్న ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఇంకో మాట, బరువు తగ్గిపోతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా, వాంతులు ఆగకపోయినా నా వీడియో కట్టేసి ముందు ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇప్పుడు మా డాక్టర్ సార్లకు జవాబు. ఒక్క పేషెంట్ కథ అన్నారు కదా? ఇలాంటి కథలు పోగుపడ్డాకే నెదర్లాండ్స్‌లో 48 మందిని తీసుకుని, సగం మందికి లిగ్నోకైన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు, ఫలితం 2013లో అచ్చయింది. మందు తీసుకున్న 24 మందిలో 13 మందికి నొప్పి బాగా తగ్గింది, సెలైన్ వాళ్ళలో నలుగురికే. కథలు రాసిపెట్టినవాళ్ళు లేకపోతే ఈ పరీక్ష చేయాలని ఎవరికి తోస్తుంది?

అంత దూరం ఎందుకు, మన పక్క జిల్లాకే రండి. నడుము, మెడ కొయ్యబారిపోయి, కీళ్ళు బిగుసుకుపోయి మంచాన పడ్డ నెల్లూరు జిల్లా జనం గురించి 1937లో రాతపూర్వకంగా బయటికొచ్చింది. అప్పటిదాకా అది వాతం, అది కర్మ. రాశాక తేలింది, బావి నీళ్ళలో ఫ్లోరైడ్ అని! ఇవాళ ఫ్లోరోసిస్ అంటే చిన్నపిల్లాడికీ తెలుసు, దాని మొదటి మెట్టు ఆ పేషెంట్లను కూర్చోబెట్టి అడిగి రాసుకోవడమే.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను, ఇది వింటే మీకు నిద్ర పట్టదు. మన చిత్తూరు వైపు ధర్మరాజు గుడి తిరునాళ్ళలో అగ్నిగుండం తొక్కుతారు కదా, పసుపు బట్టలు కట్టుకుని, ఉపవాసాలుండి, గబగబా దాటేస్తారు. పాకిస్తాన్‌లో ఒక పిల్లాడు వీధుల్లో ప్రదర్శనలిస్తూ నిప్పుల మీద నడిచేవాడు, చేతుల్లోంచి కత్తులు దూర్చుకునేవాడు. భక్తి కాదు, ధైర్యం కాదు, వాడికి పుట్టుకతోనే నొప్పి తెలియదు. పద్నాలుగో పుట్టినరోజు నాడు ఇంటి కప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. నొప్పి తెలిసిన పిల్లాడైతే దూకేవాడా? ఆ పిల్లాడితో మొదలుపెట్టి, అలాంటి జబ్బే ఉన్న మూడు కుటుంబాలను పరీక్షిస్తే ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువు పనిచేయడం లేదని తేలింది, 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. నొప్పి కబురు మోసే నరాల్లో సోడియం లోపలికి వచ్చే గేట్ ఒకటి ఉంటుంది, దాన్ని తయారుచేసే జన్యువు అది. ఆ గేట్‌కు వరసకు తమ్ముడి లాంటి ఇంకో గేట్‌ను మూసే మందు సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది, నల్లమందు జాతి కాని నొప్పి మందు. ఇప్పటికి కొత్తగా వచ్చే తీవ్ర నొప్పికే లెండి, ఏళ్ళ నాటి నొప్పులకు కాదు. అయినా ఎక్కడ వీధిలో నిప్పుల మీద నడిచిన పిల్లాడు, ఎక్కడ సోడియం గేట్లు! ఇంకా అట్టడుగు మెట్టు అంటారా సార్?

ముఖం నొప్పి సంగతి విడిగా వీడియో చేస్తా. పళ్ళు తోముకుంటే, చల్లగాలి తగిలితే సగం ముఖం మీద కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాల పాటు వచ్చి పోయే ట్రైజెమినల్ న్యూరాల్జియా. పంటి నొప్పి అనుకుని మంచి పళ్ళు పీకించుకున్నవాళ్ళున్నారు. వరసపెట్టి పీకించుకునే ముందు ఒక్కసారి న్యూరాలజీ డాక్టర్‌కు చూపించుకోండి, దయచేసి.

రేపు ఓపీకి వెళ్ళే అక్కలు, అన్నలు ఒక పని చేయండి. లైన్‌లో నిలబడ్డప్పుడే చీటీ వెనక రాసుకోండి. నొప్పి ఒక వేలితో చూపించగలనా, అరచెయ్యంత ఉందా? తింటే మారుతుందా, కదిలితే మారుతుందా? ఎప్పుడు మొదలైంది? లోపలికి వెళ్ళగానే రిపోర్టుల కవరు ఇవ్వకండి, ముందు ఇది చెప్పండి. "కార్నెట్ పరీక్ష చేస్తారా సార్" అని మర్యాదగా అడగండి, తప్పేం లేదు.

ఇక మన తిరుపతి పెద్దలకు ఒక విన్నపం. 1960 నుంచి ఎస్వీ మెడికల్ కాలేజీ ఉంది, 1993 నుంచి స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, స్విమ్స్ నుంచి పత్రిక వస్తుంది, అందులో కేస్ రిపోర్టులు వస్తాయి, అన్నీ ఇంగ్లీషులోనే. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో వచ్చిన మనిషి చెప్పుకున్న బాధ అది, ఆ మనిషి భాషలో ఒక్క ముక్క ఉండదు. ప్రతి రిపోర్ట్ కింద పేషెంట్ పేరు లేకుండా అర పేజీ తెలుగు వేయండి సార్. రాసే తీరిక లేదంటే మా ఛానెల్ వాళ్ళం పైసా తీసుకోకుండా వచ్చి కూర్చుంటాం, మీరు చెప్పండి, మేం రాస్తాం.