తాన్ అంటే పరుగేనా?

సంధానకర్త: హిందుస్తానీ గాన పద్ధతి అయిన ఖయాల్ కచేరీ ముగింపుకు వస్తుంటే గాయకులు 'ఆ' అనే అచ్చుతో స్వరాలను జడివానలా కురిపిస్తారు. దాన్ని తాన్ అంటారు. మన కర్ణాటక కచేరీలో పాడే రాగం తానం పల్లవిలోని తానం కూడా ఇదేనా?

కర్ణాటక గాయకుడు: కాదండీ, పేర్లే దగ్గర. మన తానం 'అనంతం' అక్షరాలతో, తాళం లేకుండా సాగుతుంది. తాన్‌కు దగ్గరివి మన ఆలాపనలోని బిరకాలు, అంటే వడిగా దొర్లే స్వరాల గుంపులు. ఉన్నమాట చెబుతాను, కొన్ని తాన్‌లు నాకు గొంతుతో చేసే సాములా తోస్తాయి.

హిందుస్తానీ గాయని: తోచడం సహజమే మాస్టారూ. వేగమొక్కటే మిగిలితే మాకూ అలాగే ఉంటుంది. మంచి తాన్‌ను మావాళ్లు 'దానేదార్' అంటారు. ఎంత వడిగా పాడినా గింజ గింజా విడిగా వినిపించాలి. అందుకే మాత్రకు, అంటే తాళంలోని ఒక్కో లెక్కకు, రెండు స్వరాలతో మొదలుపెట్టి నాలుగు, ఎనిమిది దాకా వెళ్తాం. రెండులో మసకగా ఉన్న స్వరం ఎనిమిదిలో తేటపడదు.

సంధానకర్త: రకాలున్నాయా?

గాయని: చాలా ఉన్నాయి. సూటిగా ఎక్కి దిగేది సపాట్, వంకరలు తిరిగేది కూట్, సాహిత్యాన్ని పట్టుకుని సాగేది బోల్ తాన్. నాకు ప్రాణం మేరుఖండ్. నాలుగు స్వరాల వరుస మారిస్తే 24 అమరికలు, ఏడింటికి 5,040. ఖయాల్ గాయకుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ గానానికి ఈ సాధనే పునాది. అయితే వేదిక మీద రాగం ఒప్పుకున్నవే పాడాలి.

సంధానకర్త: మరో ఖయాల్ గాయకుడు బడే గులాం అలీ ఖాన్‌నూ తలచుకోవాలి. ఆయన 1968లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

గాయని: మూడు స్థాయిల్లోనూ ఆయన తాన్ వెన్నలా జారేది. అంత వేగంలోనూ గొంతు బిగుసుకునేది కాదు.

గాయకుడు: నా అసలు సందేహం దర్బారీ కానడ గురించి. ఆ రాగానికి ఊపిరి ఊగే గాంధారం. ఎనిమిదింతల వేగంలో ఊపడానికి చోటెక్కడ అమ్మా?

గాయని: ఉండదు. అందుకే దర్బారీలో 'గరిస' అని సూటిగా దిగం. 'గమరిస' అనే రావాలి. పైగా మంద్రంలో, అంటే కింది స్థాయిలో, గమక్ తాన్ ఎంచుకుంటాం. ఒక్కో స్వరాన్ని బరువుగా కదిలిస్తాం కాబట్టి వడి దానంతటదే తగ్గుతుంది. వినండి...

(మంద్ర స్థాయిలో గమక్ తాన్ పాడి, ఆగి, గాంధారాన్ని ఊపుతూ షడ్జానికి చేరుకున్నారు.)

గాయకుడు: ఆ గాంధారం ఇంకొక్కసారి పాడండమ్మా.