పులిమేక ఆటను ఫైలులో ఎలా దాచాలి?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలు కాస్త ముందుకు రండమ్మా, బోర్డు మీద గీసిన బొమ్మ కనిపించాలి.

పొదిలి పక్కన మా ఊరి గుడి అరుగు మీద ఈ బొమ్మే బండలో చెక్కి ఉంది. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. మేకల వైపు కూర్చుంటే మా తాతను ఓడించినవాళ్లు లేరని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎలా ఆడేవాడో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆయన వేసిన ఒక్క ఎత్తు కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

చదరంగానికి ఆ బాధ లేదు. గుంటూరు హరికృష్ణ, గుడివాడ హంపి ఆడిన ఆటలను మీ ఫోన్‌లోనే ఎత్తు ఎత్తుకీ చూడొచ్చు. దానికి కారణం పీజీఎన్ (పోర్టబుల్ గేమ్ నొటేషన్), అంటే చదరంగం ఆటలను ఫైలులో రాసిపెట్టే పద్ధతి. 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ దాన్ని రూపొందించాడు. అది ఉత్త టెక్స్ట్ ఫైలు. పైన పోటీ, స్థలం, తేదీ, రౌండు, తెల్లపావులవారు, నల్లపావులవారు, ఫలితం అని ఏడు వివరాలు, కింద వరసగా ఎత్తులు. ఏ చెస్ సాఫ్ట్‌వేరూ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. నల్లరాళ్లు, తెల్లరాళ్లతో ఆడే గో ఆటకు వాడే ఎస్‌జీఎఫ్ అనే ఫైలు పద్ధతి కూడా టెక్స్టే.

డేటాబేస్‌లో పెడితే వెతకడం సులువు కదా అంటారు. పెట్టండి. కానీ అసలు ప్రతి మాత్రం టెక్స్ట్‌లోనే ఉండాలి. నేను మా ఊరి ఆటలు 40 దాకా ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను. కంప్యూటర్ మార్చాక ఆ ఫైలు తెరుచుకోలేదు, ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ దొరకలేదు. ఆ ఆటలు ఆడిన పెద్దవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ బాధ నన్ను ఇంకా వదల్లేదు.

అయితే పీజీఎన్‌ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు సరిపోదు. చదరంగం నియమాలు అన్నిచోట్లా ఒకటే కాబట్టి ఫైలులో వాటి ప్రస్తావన అక్కర్లేదు. మన ఆటలు ఊరూరికీ మారతాయి. వామనగుంటలు చూడండి. 14 గుంటల్లో ఏ గుంట ఎత్తారో ఒక్క అంకె రాస్తే చాలు, చింతగింజలు ఎక్కడెక్కడ పడ్డాయో ప్రోగ్రామే లెక్కేస్తుంది. కానీ ఎక్కడ ఆపాలి, ఎప్పుడు గింజలు తీసుకోవాలి అన్నది తెలియకపోతే అదే అంకెల వరస వేరే ఆట అయిపోతుంది. అందుకే ఏ ఊరి పద్ధతి, ఏమేం నియమాలు అన్నది ఫైలు తలమీదే రాయాలి. నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది ఇదే. అష్టాచెమ్మకైతే గవ్వలు వేసినప్పుడు పడిన పందెం కూడా ప్రతిసారీ రాయాలి, లేకపోతే ఆ ఎత్తు సరైనదో కాదో తేల్చలేం.

పులిమేకలో చోట్లకు అంకెలిద్దాం. శిఖరం 1. దాని కింద మూడు వరుసలకు ఆరేసి, ఎడమ నుంచి కుడికి. అడుగున నాలుగు. ‘మే 10’ అంటే పదిలో మేకను పెట్టారని. ‘పు 4-16, మే 10’ అంటే నాలుగులో ఉన్న పులి పదిలో ఉన్న మేకను దూకి తిని పదహారుకు చేరిందని. ఏ మేక పోయిందో పులి దూకిన చోట్లను బట్టే తెలుస్తుంది, అయినా రాయమంటాను. రాసేవాడు అంకె పొరబడితే అక్కడే బయటపడుతుంది.

ప్రోగ్రాములు డేటా రాసుకునే జేసన్ పద్ధతి వాడొచ్చుగా అని మొన్న ఒకబ్బాయి అడిగాడు. తప్పు లేదు. కానీ ఆట జరుగుతుంటే అరుగు పక్కన కూర్చుని పెన్నుతో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అన్ని బ్రాకెట్లు, కామాలు చేత్తో ఎవరు పెడతారు?

ఇక లిపి. పీజీఎన్ పాత ప్రమాణం లాటిన్ అక్షరాలకే చోటిచ్చింది. మనం తెలుగుతో సహా అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8లో దాచాలి. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పట్టినా ఒక ఆట కొన్ని కిలోబైట్లు దాటదు. పాత డీటీపీ ఫాంట్లలో మాత్రం వద్దు, ఆ ఫాంటు లేని మిషన్‌లో అంతా పిచ్చిగీతలే.

వచ్చే ఆదివారం మా ఊరి అరుగు మీద ఇద్దరు పెద్దాయనలు ఆడతామన్నారు. చూసి రాయడానికి ఇద్దరు కావాలి, విడివిడిగా రాసి తర్వాత పోల్చుకోవాలి. పొద్దున ఏడింటికల్లా పొదిలి బస్టాండులో ఉండగలిగినవాళ్లు చేతులెత్తండి.