అమ్మమ్మ ఇంటి గులాబీ పలకలు

అధ్యక్షులకు, సభకు నమస్కారం. వారసత్వ దినం కదా, లిస్బన్‌లోని అజులేజు మ్యూజియం గురించి మాట్లాడమన్నారు. అజులేజు అంటే పోర్చుగల్‌లో గోడలకు అతికించే పింగాణీ పలక. 1509లో లియొనోర్ రాణి స్థాపించిన కాన్వెంట్‌లో ఉందా మ్యూజియం.

అక్కడ చాలా ఉన్నాయి కానీ, నన్ను కదలనివ్వనిది ఒక్కటే. దాదాపు 23 మీటర్ల పొడవున, తెల్లటి పలకల మీద నీలంతో గీసిన లిస్బన్ నగరం. 1700 ప్రాంతంలో చేసింది. నది ఒడ్డు, పడవలు, చర్చిలు, రాజభవనం అన్నీ ఉన్నాయి. 1755 నవంబరు 1న భూకంపం వచ్చింది. ఆ భవనం పోయింది, ఊళ్లో చాలా భాగం పోయింది. పలకల మీది ఊరు మిగిలింది. తగరం కలిపిన తెల్లపూత మీద రంగు వేసి కాలుస్తారు. రంగు ఆ పూతలోనే కలిసిపోతుంది. అందుకే ఇన్నేళ్లయినా వెలిసిపోలేదు.

దాని ముందు నిలబడితే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. అరుగు వెనక గోడకు నడుమెత్తు వరకు గులాబీ పూల పలకలు. అమ్మమ్మ రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలమంతా ఆ చల్లదనానికి చెంప ఆనించి పడుకునేవాళ్లం. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశాం. నేను వెళ్లేసరికి జేసీబీ పని సగం అయిపోయింది. మేస్త్రీని అడిగితే, "పాత పలకలే కదండీ, పునాదిలో పోసేశాం" అన్నాడు. అతన్ని ఏమనను? తీసి పక్కన పెట్టమని మాలో ఒక్కరూ చెప్పలేదు. కాగితాల మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

పోర్చుగల్‌లో పలకలున్న ఇంటి ముఖభాగాన్ని ఇష్టమొచ్చినట్టు కూల్చకుండా 2017లో చట్టమే తెచ్చారు. మనకు పలకలు లేవా? హైదరాబాద్‌లో మొహర్రం సంతాప సభలు జరిగే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్లండి. 1611 నాటి పలకలు, ఆ పసుపు, ఆ నీలం! 1908 మూసీ వరదకు కింది భాగం దెబ్బతింది. పై భాగం ఇప్పటికీ మెరుస్తోంది. దయచేసి వెళ్లి చూడండి, పిల్లల్ని తీసుకెళ్లండి.

ఇంకో మాట. మీలో ఎవరి ఊళ్లోనైనా పాత ఇల్లు కూల్చుతుంటే, ముందురోజే వెళ్లండి. ఉలితో సందుల్లోంచి నెమ్మదిగా తీయిస్తే చాలావరకు దక్కుతాయి. ఒక్క పూట కూలి ఖర్చు, అంతే.

మట్టిలోంచి నాకు దొరికిన పలక ఇదొక్కటే. ముందు వరుసవాళ్లు చూసి వెనక్కి అందించండి. వెనకవైపు 'మేడ్ ఇన్ జపాన్' అని అచ్చు ఉంటుంది. కాస్త జాగ్రత్త, ఒక మూల ఇప్పటికే విరిగింది.