కట్టుడు పళ్ళు: నొప్పి చిగురులో, తప్పు కాటులో

నమస్కారం. పైదవడకీ కిందిదవడకీ ఫుల్ సెట్టు పెట్టించుకున్నవాళ్ళ నోట నేను ఎప్పుడూ వినే మాట ఒకటుంది. "డాక్టర్ గారూ, ఇక్కడ ఒరుసుకుంటోంది, కాస్త గీకి ఇచ్చేయండి." సెట్టు తీసి, చిగురు తాకే వైపు వేలు పెట్టి మరీ చూపిస్తారు. గీకించుకున్నాక నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత పుండు మళ్ళీ తేలుతుంది, ఈసారి కొంచెం పక్కన. మళ్ళీ గీకుడు. అలా గీకగా గీకగా సెట్టు లూజైపోతుంది, నొప్పి మాత్రం పోదు. చివరికి "అసలు కొలతలే సరిగ్గా తీయలేదు" అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు.

కొలత తప్పయి ఉండొచ్చు, కాదనను. కానీ చాలాసార్లు పుండు చిగురు మీద ఉంటే దాని మూలం అవతలి వైపున, పళ్ళూ పళ్ళూ కలిసే చోట ఉంటుంది. అంటే కాటులో. ఈ సంగతి తెలియక ఎంతమంది నెలల తరబడి బాధపడతారో చూస్తూ ఉంటాను కాబట్టే ఈ వీడియో చేస్తున్నాను.

[రెండు చేతులతో చూపిస్తూ] ఒక తలుపును ఊహించుకోండి. ఒక పక్క బందులు, ఇంకో పక్క గడియ. కింది దవడ కూడా ఇలాంటిదే. చెవుల ముందున్న రెండు కీళ్ళు బందులు. పళ్ళు కలిసే చోటు గడియ. సొంత పళ్ళు ఉన్నన్నాళ్ళూ తలుపు ఎక్కడ ఆగాలన్న ప్రశ్నే రాదు. గుమ్మం ఉంది, గడియ పడే బెజ్జం ఉంది, నోరు మూస్తే దవడ వచ్చి అక్కడే ఆగుతుంది.

పళ్ళన్నీ పోయాయంటే గుమ్మం ఊడిపోయినట్టు. తలుపు బందుల మీద ఊగుతూ మిగిలింది. ఇప్పుడు దాన్ని ఎంతవరకు మూయాలి? మూసినప్పుడు అది ముందుకుండాలా, వెనక్కుండాలా? నోట్లో చూస్తే ఏ గుర్తూ కనిపించదు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడమే బైట్ తీసుకోవడం, అంటే కాటు రాయడం.

అచ్చుల సంగతి గబగబా చెప్పేస్తాను, అది అందరికీ తెలిసిందే. మొదటిసారి రెడీమేడ్ ట్రేతో ఒక అచ్చు. దాన్నిబట్టి మీ దవడకు సరిపోయే ట్రే చేసి, రెండోసారి అంచులతో సహా పక్కా అచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పాత సెట్టు వాడుతున్నవాళ్ళు అచ్చుకు వచ్చే ముందు ఒక రోజంతా దాన్ని తీసి ఉంచాలి. సెట్టు కింద అణిగిపోయిన చిగురు మళ్ళీ తన ఆకారానికి రావాలి. అణిగిన చిగురుకు అచ్చు తీస్తే కొత్త సెట్టు ఆ అణుగుడుకే సరిపోతుంది.

ఇక మూడో అపాయింట్‌మెంట్. పళ్ళు చూద్దామని ఆశగా వస్తారు. ఇక్కడేమో పళ్ళకు బదులు రెండు మైనం దిమ్మెలు కనిపిస్తాయి. [మోడల్ మీద మైనం దిమ్మెలు చూపిస్తూ] ఇవిగో, ఇవే. వీటిని చూసి కొందరు డీలా పడిపోతారు. నన్నడిగితే మొత్తం పనిలో అసలైన రోజు ఇదే. ఈ రోజు తొందర పెట్టొద్దని, మీరు కూడా తొందరపడొద్దని గట్టిగా చెబుతాను.

ముందు పై దిమ్మె సరిచేస్తారు. పై పెదవికి ఎంత ఆధారం కావాలో చూస్తారు. ఎదురుగా చూస్తే దిమ్మె అంచు రెండు కనుపాపలను కలిపే గీతకు సమాంతరంగా ఉండాలి. పక్కనుంచి చూస్తే ముక్కుపుటం అంచు నుంచి చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె దాకా సాగే గీతకు సమాంతరంగా ఉండాలి. 18వ శతాబ్దంలో డచ్ శరీరశాస్త్రజ్ఞుడు పేట్రస్ కాంపర్ గమనించిన గీత ఇది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు, ఇప్పటికీ అందరం వాడుతున్నాం.

తర్వాత మొదటి ప్రశ్న: తలుపు ఎంతవరకు మూయాలి? ముక్కు కొన మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెడతారు. తల వెనక్కి ఆనించకుండా మిమ్మల్ని నిటారుగా కూర్చోబెడతారు. పెదాలు తడి చేసుకుని "మ్‌మ్" అని, అలాగే ఉండమంటారు. పెదాలు మెల్లగా కలుస్తాయి, దవడ ఏ బలవంతమూ లేకుండా తన చోట తాను ఆగుతుంది. అప్పుడు ఆ రెండు చుక్కల మధ్య దూరం కొలుస్తారు. ఆ తర్వాత దిమ్మెలు రెండూ కలిసేలా నోరు మూయించి మళ్ళీ కొలుస్తారు. రెండో కొలత మొదటిదాని కన్నా 2 నుంచి 4 మిల్లీమీటర్లు తక్కువ రావాలి. రాకపోతే మైనం కరిగించి తగ్గించడమో, కొత్త మైనం చేర్చడమో, మళ్ళీ కొలవడమో.

ఆ 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఎందుకంటారా? ఊరికే కూర్చున్నప్పుడు పళ్ళు పళ్ళకు తగలకూడదు. సెట్టు ఎత్తు ఎక్కువైతే ఆ ఖాళీ మాయమవుతుంది. మాట్లాడుతుంటే పళ్ళు టకటకమంటాయి, పెదాలు మూయడం కష్టమవుతుంది, సాయంత్రానికి దవడలు లాగేస్తాయి, చిగురు ఒకచోటని కాదు, మొత్తం మండుతుంది. ఎత్తు తక్కువైతే గడ్డం ముక్కువైపు జరుగుతుంది, నోటి మూలలు మడతపడి చెమ్మ చేరి పుళ్ళు పడతాయి, నమలడానికి బలం చాలదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. "ముఖం మీద ముడతలు పోయేలా కాస్త ఎత్తుగా పెట్టండి" అని అడిగేవాళ్ళు ఉంటారు. దయచేసి అడగొద్దు. ముడతల కోసం ఎత్తు పెంచితే ఆ బరువు రోజంతా ఎముక మీద పడుతుంది. ముఖం నిండుగా కనిపించాలంటే ముందు పళ్ళను నిలిపే చోటులో, పెదవి వెనక అంచు మందంలో చూసుకోవాలి.

మాట కూడా ఒక కొలతే. "సీసా", "సరస్సు" అని గబగబా అనమంటారు. "స" పలికేటప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ బాగా దగ్గరికి వస్తాయి కానీ తగలవు. మధ్యలో సుమారు 1 మిల్లీమీటరు సందు ఉంటుంది. అక్కడ తగిలాయంటే ఎత్తు ఎక్కువైందని అనుమానించాలి.

రెండో ప్రశ్న: ముందుకా, వెనక్కా? పళ్ళు లేకుండా చాలాకాలం గడిపినవాళ్ళకు దవడ ముందుకు జాపి చిగుళ్ళతోనే నమిలే అలవాటు వచ్చేస్తుంది. "కొరకండి" అనగానే దవడ ముందుకొచ్చేస్తుంది. తప్పు వాళ్ళది కాదు, అలవాటుది. ఆ ముందుకొచ్చిన చోటే కాటు రాసుకుంటే పని చెడినట్టే, ఎందుకంటే మర్నాడు అదే దవడ అక్కడికి రాదు. బందుల్లో తలుపు సరిగ్గా కూర్చుని తిరిగే చోటు, ఇవాళ చూసినా నెల తర్వాత చూసినా మళ్ళీ మళ్ళీ దొరికే చోటు, అదే కావాలి. అందుకే నాలుక కొనను అంగిలి మీద బాగా వెనక్కి పెట్టి మెల్లగా మూయమంటారు. ఒకటికి నాలుగుసార్లు మూయించి, అన్నిసార్లూ ఒకే చోటికి వస్తోందా అని చూస్తారు. కొందరు డాక్టర్లు పై దిమ్మెకు ఒక సూదిమొన, కింది దిమ్మెకు ఒక పలక బిగించి, దవడను ముందుకూ పక్కలకూ కదిలించి గీత గీయిస్తారు. బాణం మొనలాంటి గుర్తు పడుతుంది. ఆ మొనే మనకు కావలసిన చోటు. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు జ్యూరిక్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ గీసీ.

ఇప్పుడు అసలు సంగతి, తలుపును వదలకండి. బందులు కొంచెం జారి, గడియ బెజ్జానికి ఎదురుగా రాని తలుపులు చూసే ఉంటారు. తలుపును కాస్త ఎత్తి, ఇటు నెట్టి గడియ వేస్తాం. వేసేశాక చూస్తే అంతా బాగానే ఉంటుంది. కాటు తప్పిన సెట్టు కూడా అచ్చంగా ఇంతే. నోరు మూశాక చూస్తే పళ్ళు చక్కగా కూర్చుని కనిపిస్తాయి. చూడాల్సింది మూసే క్షణంలో. మొదట ఒక పన్ను తగులుతుంది, అక్కణ్ణుంచి జారి, తర్వాత మిగతావి కలుస్తాయి.

సొంత పన్నయితే ఎముకలో వేళ్ళతో నిలబడి ఉంటుంది. సెట్టుకు వేళ్ళు లేవు, తడి చిగురు మీద కూర్చుని ఉంటుంది. కాబట్టి జారేది సెట్టే. ఉదాహరణకు కాటును దవడ ముందుకొచ్చిన చోట రాశారనుకోండి. నమిలినప్పుడు దవడ వెనక తన చోటికి పోతుంది, పళ్ళేమో ముందున్న చోట కలవాలని చూస్తాయి. కింది సెట్టు ముందుకు తోసుకుంటుంది. దాని లోపలి అంచు, అంటే నాలుక వైపున్న అంచు, ముందు భాగంలో చిగురుకు గట్టిగా ఒత్తుకుంటుంది. పుండు ఎక్కడ లేస్తుంది? కింది ముందు చిగురుకు లోపలి వైపున. [అద్దంలో మోడల్ లోపలి వైపు చూపిస్తూ] సరిగ్గా ఇక్కడ. ఆ అంచు గీకితే సెట్టు ఇంకొంచెం ముందుకు జారడానికి చోటు ఇచ్చినట్టయింది. గడియ పడట్లేదని తలుపు చెక్క చెక్కుకుంటూ పోయినట్టు!

కింది సెట్టే ఎందుకు ఎక్కువ ఏడిపిస్తుందో కూడా చెబుతాను. ఒక దవడలో సొంత పళ్ళన్నీ ఉన్నప్పుడు వేళ్ళ చుట్టూ బరువు మోసే పొర వైశాల్యం సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. పళ్ళు పోయాక పై సెట్టు కూర్చునే చోటు సుమారు 23, కింది సెట్టుకు సుమారు 12. పైదానికి అంగిలి ఉంది, కిందిదానికి అది లేదు. మధ్యలో నాలుక కదులుతూనే ఉంటుంది. 12 చదరపు సెంటీమీటర్ల మీద కూర్చున్నదాన్ని వంకర కాటు పదేపదే తోస్తుంటే చిగురు ఎంతకని ఓర్చుకుంటుంది?

నాలుగో అపాయింట్‌మెంట్ ట్రయల్. అవే పళ్ళు, కానీ మైనంలో. ఇంట్లోవాళ్ళను తీసుకురండి, వెలుతురులో చూసుకోండి, మాట్లాడి చూడండి, నవ్వి చూడండి. పళ్ళ మధ్య గీత, రంగు, పొడవు, ఏది నచ్చకపోయినా ఈ రోజే చెప్పాలి. మొహమాటపడొద్దు. మైనంలో పన్ను జరపడం నిమిషాల పని. మైనం స్థానంలో అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్ వచ్చాక అది కుదరదు. డాక్టరు మాత్రం కాటు మళ్ళీ చూడాలి: మెల్లగా మూయించి, మొదట తగిలేదేది, జారుడు ఉందా లేదా అని. ఉంటే పళ్ళు తీసి కాటు మళ్ళీ రాయడం తప్ప దారి లేదు. "మళ్ళీ రమ్మంటున్నారు" అని విసుక్కోకండి, ఆయన మీకు మేలే చేస్తున్నారు.

అన్నీ సరిగ్గా చేసినా, మైనం స్థానంలో అక్రిలిక్ నింపి గట్టిపరిచేటప్పుడు ఆ పదార్థం కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు పళ్ళు వెంట్రుకవాసి కదులుతాయి. అందుకే సెట్టు ఇచ్చే రోజున కూడా కాటు సరిచేయాల్సి వస్తుంది. పళ్ళ మధ్య రంగు కాగితం పెట్టి కొరికిస్తారు, చుక్కలు పడతాయి. కానీ నోట్లో పడే చుక్కలను పూర్తిగా నమ్మలేం. మొదట తగిలిన పన్ను దగ్గర సెట్టు కాస్త ఒరిగిపోతుంది, దాంతో మిగతా పళ్ళు కూడా తగిలి అన్నిచోట్లా రంగు అంటుతుంది. అసలు దొంగ గుంపులో కలిసిపోతాడు. కాబట్టి మెత్తటి మైనంతో కొత్తగా కాటు రాసి, సెట్టును ఆర్టిక్యులేటర్ మీద, అంటే దవడ కదలికను అనుకరించే పరికరం మీద బిగించి, అక్కడ అరగదీయడం మేలు. అక్కడ చిగురు అణగదు, సెట్టు జరగదు. దీనికి అదనంగా సమయం పడుతుంది, చాలాచోట్ల వదిలేస్తారు. వదలకూడదన్నది నా గట్టి నమ్మకం.

ఇంకొక్కటి. సొంత పళ్ళతో ఒక పక్క నమిలితే రెండో పక్క తగలకపోయినా నష్టం లేదు. సెట్టులో ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తుంది. కాబట్టి మొదట్లో చిన్న ముద్దలు, రెండు పక్కలా సమానంగా. ముందు పళ్ళతో కొరికి లాగొద్దు.

వీడియో పొడుగైపోతోంది, మిగతాది త్వరగా చెప్పేస్తాను. సెట్టు ఇచ్చిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి చూపించుకోవాలి, నొప్పి లేకపోయినా సరే. నొప్పి ఉందని సెట్టు తీసి పెట్టెలో పెట్టుకుని వారం తర్వాత వస్తే పుండు మానిపోయి ఉంటుంది, డాక్టరుకు ఏమీ కనిపించదు. వచ్చే ముందు కొన్ని గంటలైనా పెట్టుకుని రండి. "నొప్పిగా ఉంది" అని ఊరుకోకుండా ఎప్పుడో చెప్పండి: పెట్టేటప్పుడా, నమిలేటప్పుడా, ఊరికే ఉన్నా నొప్పేనా? పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ మాత్రమే అయితే చూడాల్సింది అంచు. నమిలితేనే వస్తోందంటే ముందు కాటు చూడమనండి. రోజంతా మొత్తం మండుతోందంటే ఎత్తు చూడమనండి. ఇంట్లో కత్తితో, ఉప్పుకాగితంతో మీరే గీక్కోవడం మాత్రం వద్దే వద్దు.

మొదటి రోజుల్లో లాలాజలం ఎక్కువ ఊరుతుంది, తగ్గిపోతుంది. నమలడం అలవాటు కావడానికి 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. రాత్రి తీసి నీళ్ళలో వేయండి.

బాగా కుదిరిన సెట్టు కొన్నేళ్ళకు వదులవుతుంది. సెట్టు మారలేదు, ఎముక అరిగింది. 1972లో ఆంట్యే టాల్‌గ్రెన్ ప్రచురించిన అధ్యయనంలో కొందరిని 25 ఏళ్ళ దాకా గమనిస్తే, ముందు భాగంలో కింది దవడ ఎముక పైదాని కన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ తరిగింది. ఎముక తరిగేకొద్దీ సెట్టు కిందికి దిగుతుంది, ఎత్తు తగ్గుతుంది, కాటు జారుతుంది. అప్పుడు సెట్టును అంటించి ఉంచే గమ్ పౌడరు మీద ఆధారపడి నెట్టుకురాకుండా లోపలి వైపు కొత్త పొర వేయించుకోవచ్చు, దాన్నే రీలైన్ అంటారు. అది వేయించుకునే రోజున కూడా పెద్దగా నోరు తెరిచి, నాలుక వెనక్కి పెట్టి, మెల్లగా మూసి, మొదట ఏ పన్ను తగులుతోందో మీ డాక్టరుకు చెప్పండి.